ఒంటె పాదానికి అతుకు

ఉలాన్‌బాతర్ నుంచి గోబీ ఎడారికి వచ్చినప్పుడు
నా బండి వెనక ఒక అట్టపెట్టె.
అందులో నూటయాభై చిన్న పుస్తకాలు,
పెద్దపెద్ద అక్షరాలు, రంగుల బొమ్మలు.
జవాబులన్నీ నా దగ్గర సిద్ధం.
ప్రశ్నలు వాళ్ళే తెచ్చుకుంటారనుకున్నాను.

దులాం అవ్వ రెండు చేతులా అందుకుంది ఒకటి.
నుదుటికి తాకించుకుంది కూడా.
నేను పొంగిపోయాను.
నెల తరవాత వెళితే
ఉన్ని గుడారం తలుపు సందులో, చలిగాలి దూరే చోట
మడిచి కుక్కి ఉంది.
"మంచి కాగితం," అంది, "గాలిని ఆపుతోంది."
ఎగతాళి కాదు. ఆమెకు ఎగతాళి రాదు.

ఆ చలికాలం బావి మోటారు పాడై
నీళ్ళు పన్నెండు కిలోమీటర్లు మోయాల్సొస్తే
ఆమె ఒంటెను అడిగాను.
ఎవరివాడివి, ఎప్పుడు తిరిగిస్తావు, ఏదీ అడగలేదు.
"దాని కుడి ముందుకాలు మెత్తన,
రాళ్ళ దారిన తీసుకెళ్ళకు," అంది, అంతే.

రాళ్ళ దారినే తీసుకెళ్ళాను.
అది దగ్గర దారి.
పొద్దు గుంకుతోందనీ తోడేళ్ళనీ
తరవాత నాకు నేను చెప్పుకున్నవి సాకులు.
అప్పగించేటప్పుడు
పాదం అడుగున కోటు బొత్తామంత గాయం.
"ఇసక దారిలోనే వచ్చాం," అన్నాను.
ఆమె పాదం వైపు చూసింది.
నా వైపు చూడలేదు.
చాయ్ పోసింది. ఉప్పు ఎప్పటిలాగే ఉంది.

ఆ ఆదివారం మా ఆరుగురి సంఘంలో
సత్యం గురించి వాక్యం చెప్పే వంతు నాది.
బైబిలు తెరిచాను.
నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.
ముక్కు తుడుచుకుంటూ చిన్నది ఖులన్ నన్నే చూస్తోంది.
"ఇవాళ పాటలు పాడుకుందాం," అని కూర్చున్నాను.

సోమవారం మైనస్ ముప్ఫై.
బండి కదల్లేదు. నడిచాను.
దారంతా మాటలు పేర్చుకున్నాను,
గుమ్మం దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు.
"రాళ్ళ దారినే, అవ్వా."
అంతే వచ్చింది.

"తెలుసు. పాదం చెప్పింది," అంది.
"నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా."
తోలు ముక్క, లావు సూది, ఒంటె బొచ్చు దారం
నా ముందు పెట్టింది.
"రా, పట్టుకో."

ఒంటెను పడుకోబెట్టి తాళ్ళు బిగించాం.
నేను కాలు పట్టుకున్నాను, ఆమె కుట్టింది.
చచ్చిన చర్మంలోనే సూది దిగాలట.
వెంట్రుకవాసి లోతుకు పోతే బతికున్న కండ.
డెబ్బై ఏళ్ళ చూపు, ఒక్క కుట్టూ తప్పలేదు.
నేనేమో ఇన్నాళ్ళూ
బతికున్న కండ ఎక్కడుందో తడిమి చూడకుండానే
గుడారం గుడారానికీ తిరిగి
సూది దింపుతూ వచ్చాను.

నాలుగో కుట్టు దగ్గర, తల ఎత్తకుండా అడిగింది:
"నేను నిన్ను నిలదీయలేదు. ఎవరూ చూడలేదు.
ఇంత చలిలో నిన్నెవరు తరిమారు?"

నూటయాభై పుస్తకాల జవాబుల్లో
ఒక్కటీ నోటికి రాలేదు.
"నా సంగతంతా తెలిసీ నన్ను వదలనివాడు ఒకడున్నాడు.
ఆయన ముందు నిద్ర పట్టలేదు."
"ఊఁ."
దారం పంటితో కొరికి తెంపింది.
"అంత మొండివాడా?"
"అంత మొండివాడే."

ఆమె సంఘానికి రాలేదు. ఇప్పటికీ రాలేదు.
తన దేవుడి ముందు వెన్నదీపం ఆరనివ్వదు.
ఆదివారాలు మాత్రం ఎండు పెరుగు బిళ్ళలు పంపిస్తుంది,
"ఆ మొండివాడి పిల్లలకు," అని.
తలుపు సందులో ఇప్పుడు ఉన్ని కుక్కి ఉంది.
పుస్తకం మడతలు పోవడానికి
పిండి డబ్బా కింద పెట్టి ఉంచింది.
చదివావా అని నేనడగను.

మొన్న బావి మోటారు మళ్ళీ ఆగింది.
అడక్కముందే పగ్గం నా చేతిలో పెట్టింది.
ఏ దారిన వెళ్ళాలో
ఈసారి చెప్పలేదు.